ఎర్ర గీతకు దిగువన

పోయిన వారం మనం గుట్ట మీద వదిలిపెట్టి వచ్చిన మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు, ఇంకా తవ్వుతూనే ఉన్నారు. గుట్ట వెనక నది, నది మీద వంతెన. ఆ వంతెన మీదుగా ఊరు ఊరంతా అవతలి ఒడ్డుకు పోతోంది. ఆసుపత్రి మంచాలు, కుట్టుమిషన్లు, చంకన పిల్లలు, చంకనెక్కనని మారాం చేసే పిల్లలు. అందరూ దాటడానికి ఇంకా మూడు రోజులు కావాలి. ఆ మూడు రోజులూ శత్రువును గుట్ట ఇవతలికి రానివ్వకుండా ఆపాల్సింది నూట పది మంది ఉన్న ఒక్క దళం.

ఆ దళానికి కెప్టెన్ యుద్ధానికి ముందు సర్వేయరు. పొలాల వెంట కొలత గొలుసు లాక్కుంటూ తిరిగినవాడని సైన్యంలో అందరూ అతన్ని ‘గొలుసు కెప్టెన్’ అంటారు. ఆ పేరు పెట్టింది పరాయివాడు కాదు, పిల్లనిచ్చిన మామగారే. ఆ మామగారే ఇప్పుడు నది పొడవునా ఉన్న దళాలన్నిటికీ కల్నల్.

కల్నల్ తన ఆఫీసులో కూర్చుని మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీశాడు, గుట్ట శిఖరం వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా. కందకాలు అక్కడ తవ్వమన్నాడు. అల్లుడు ఆ గీత మీద పేరుకు జానెడు లోతు తవ్వించి, అసలు కందకాలను దానికి నూట ఇరవై అంగల దిగువన, శత్రువు వచ్చే వైపు వాలులో తవ్వించాడు. ఎందుకో వివరిస్తూ రెండుసార్లు రాసి పంపాడు. రెండింటికీ కలిపి ఒక్కటే జవాబు వచ్చింది.

“రేపు పది గంటలకు వస్తున్నాను.”

ఆ రేపు ఇవాళ అయింది.

ఎనిమిదింటికల్లా కెప్టెన్ కందకాల వెంట ఒక చుట్టు తిరిగాడు. పక్కనే సార్జెంటు. యాభై దాటిన మనిషి. తాతలనాటి నుంచీ బావులు తవ్వి బతికిన ఇంటి నుంచి వచ్చాడు కాబట్టి సిపాయిలకు ఆయన ‘బావుల బాబాయ్’. కెప్టెన్ కూడా చుట్టూ ఎవరూ లేనప్పుడు బాబాయ్ అనే పిలుస్తాడు.

“నిన్న కప్పిన కొమ్మలు?”

“వాడిపోయాయి సార్. తెల్లారగానే అన్నీ మార్పించాను. పచ్చటి వాలు మీద వాడిన ఆకు కనబడిందంటే మనమే చెయ్యెత్తి పిలిచినట్టు.”

“మట్టి?”

“గుప్పెడు కూడా ఇక్కడ లేదు. మూటలు కట్టించి గుట్ట వెనక పోయించాను. కొత్తమట్టి రంగు కోసెడు దూరానికి కూడా కనబడుతుంది. బావి తవ్వేవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాలా?”

కందకాలు ఛాతీ లోతున పాము మెలికల్లా సాగాయి. ఒక మెలికలో గుండు పడినా పక్క మెలికలో మనిషి బతకాలి. పైన దుంగలు, దుంగల మీద మట్టి, మట్టి మీద ముందుగానే చెక్కలు చెక్కలుగా పెళ్లగించి నీళ్లు చల్లి దాచిన గడ్డి. వాన పడితే నీరు నిలవకుండా అడుగున సన్నటి కాలువ. ఎదురుగా ఉన్న పొదల్ని నరికేయలేదు. కింది కొమ్మలు మాత్రం తీసేశారు. కందకంలోంచి చూసేవాడికి కిందనుంచి దారి తెరుచుకుంటుంది, గుట్ట ముందు కింద పారే వాగు దగ్గర నిలబడి చూసేవాడికి పొద పొదలాగే ఉంటుంది. వాలు మీద అక్కడక్కడా రాళ్లు పెట్టించి, మన వైపు ముఖానికి మాత్రమే సున్నం కొట్టించాడు కెప్టెన్. వంద అంగలకు ఒక రాయి, రెండు వందలకు జంట రాళ్లు. శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో కొలిచి చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు.

నాలుగు రోజుల చాకిరీ అది. సిపాయిల అరచేతులు పుండ్లు పడ్డాయి. మొదటి రోజు తిట్టుకున్నవాళ్లే మూడో రోజుకు “మా కందకం చూశారా, మీదీ ఒక కందకమేనా” అని పందేలు వేసుకున్నారు.

కెప్టెన్ జేబులో భార్య రాసిన ఉత్తరం ఉంది. అందులో ఒక వాక్యం కింద ఆమె గీత కూడా గీసింది. “మా నాన్నతో వాదించకు. ఆయన చెవులతో వినడు, కళ్లతో వింటాడు. నిన్ను చేసుకుంటానని నెల రోజులు మొత్తుకున్నాను, వినలేదు. నిన్ను తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టాను, విన్నాడు.”

పది కొట్టడానికి ఐదు నిమిషాలుండగా గుట్ట వెనక జీపు ఆగింది. ముందు కల్నల్ దిగాడు. భారీ మనిషి, ఆయన దిగగానే జీపు హమ్మయ్య అన్నట్టు పైకి లేచింది. వెనక సీటులోంచి ఒక మీసాల మేజరు దిగాడు. ఆయన చంకలో పరుపుచుట్ట ఉంది.

ఆ పరుపుచుట్టను చూడగానే కెప్టెన్‌కు సంగతి అర్థమయింది. తనిఖీకి వచ్చేవాడు పరుపు తెచ్చుకోడు. ఉండిపోవడానికి వచ్చేవాడే తెచ్చుకుంటాడు.

కల్నల్ రొప్పుతూ శిఖరం ఎక్కాడు. జానెడు లోతు గోతులు, వాటిలో కర్రలకు తగిలించిన పాత ఇనుప టోపీలు. అటు చూశాడు, ఇటు చూశాడు. మనిషి జాడ లేదు.

“ఇవా కందకాలు? మా ఇంట్లో పూలమొక్కకు తీసిన గొయ్యి ఇంతకంటే లోతుంటుంది!”

“అవి కందకాలు కావు సర్. శత్రువుకు చూపించడానికి తీసిన గోతులు.”

“నీ మనుషులేరి?”

“ఇక్కడే ఉన్నారు సర్.”

“ఎక్కడ? సెలవులిచ్చి పంపేశావా?” కల్నల్ మ్యాపు విప్పి ఎర్ర గీత మీద వేలు పెట్టాడు. “ఇది ఏమిటి?”

“గీత సర్.”

“గీత కాదు, ఆర్డరు! నువ్వు నా ఇంటి అల్లుడివైతే ఇంట్లో. ఇక్కడ నా మాట దాటినవాడు ఎవడైనా ఒకటే.” ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. “దళాన్ని మేజరుకు అప్పగించి నువ్వు నాతో రావాలి. అంతా రాసే తెచ్చాను.”

మేజరు పరుపుచుట్టను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుని నేల చూపులు చూశాడు. ఈ పని ఆయనకూ ఇష్టంగా లేదు.

కెప్టెన్ నోట్లో వంద జవాబులు మెదిలాయి. ఉత్తరంలో గీత గీసిన వాక్యం గుర్తొచ్చి వందా మింగేశాడు.

“అప్పగిస్తాను సర్. కానీ అప్పగించేది ఏమిటో మీరు చూడాలి కదా. మీ ఎర్ర గీత మీద ఒక్కసారి కూర్చోండి. మేజరుగారు పక్కనుంచి కింద వాగు దాకా వెళ్లి, వంగి నడుస్తూ పైకి వస్తారు. ఆయన ఎక్కడెక్కడ కనబడ్డారో మీరే చెప్పండి.”

కల్నల్ గోతిలో చతికిలబడ్డాడు. ఆయనకు వేట పిచ్చి. మనిషిని కనిపెట్టు అని సవాలు చేస్తే కాదనే రకం కాదు.

మేజరు వాగు దగ్గర కనబడ్డాడు. వాగు దాటడం కనబడింది. వాలు మొదట్లో కాలు పెట్టడం కనబడింది. ఆ తర్వాత మాయమయ్యాడు. కల్నల్ మెడ చాచాడు, మోకాళ్ల మీద లేచాడు, బైనాక్యులర్ పెట్టాడు. గాలికి ఊగే గడ్డి తప్ప ఏమీ లేదు.

“ఎక్కడ చచ్చాడు?”

“పదిహేను అంగల్లో ఉన్నాను సర్,” అన్నాడు మేజరు, గడ్డిలోంచి తలెత్తుతూ. నవ్వాలో వద్దో ఆయనకు తెలియలేదు.

బావుల బాబాయ్ ఊరుకోలేకపోయాడు. “అంతే కదండీ అయ్యగారూ. ఈ గుట్టకు పొట్ట ఉంది. పొట్ట ఉన్నవాడు ఎంత వంగినా తన కాళ్లు తనకు కనబడవు.”

అన్న తర్వాత గాని ఆయనకు ఎదుట ఉన్నదెవరో, ఆ బెల్టు ఎంత బిగువుగా ఉందో స్ఫురించలేదు. ఎక్కడో నేల అడుగు నుంచి ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. కల్నల్ గిర్రున తిరిగాడు. గడ్డి ఉంది. పొద ఉంది. దగ్గిన మనిషి లేడు.

“ఎవడు వాడు?”

“కనిపెట్టండి సర్,” అన్నాడు కెప్టెన్. “ఈసారి మీరే వాగు నుంచి నడిచి రండి. పైకి వచ్చేలోపు ఒక్క కందకం మీ కంటబడినా, మీ కాగితం మీద మారుమాట లేకుండా సంతకం పెడతాను.”

కల్నల్ గుట్ట పక్కనుంచి చుట్టూ తిరిగి వాగు దాకా దిగి, అక్కడ నుంచి చేతికర్ర పట్టుకుని బయల్దేరాడు. పక్కన కెప్టెన్ ఒక్కడే. ముసలి వేటగాడు మామూలుగా నడవలేదు. పొద పొదకూ ఆగాడు. తుంచిన కొమ్మ ఉందేమోనని చూశాడు. నేల మీద బూటు జాడల కోసం వెతికాడు. ఒక రాయిని కర్రతో తట్టాడు. ఆయన వైపు అది నల్లరాయే. జంట రాళ్లు దాటాడు. ఒంటి రాయి దాటాడు. నుదుట చెమట ధారలు కట్టింది.

“నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నావు,” అన్నాడు చివరికి. “ఇటువైపు ఎవరూ లేరు.” అని, ఎత్తుగా ఉన్న ఒక గడ్డి దిబ్బ చూసి దాని మీద కూలబడ్డాడు.

ఆయన కిందనుంచి, సరిగ్గా ఆయన కిందనుంచి, వినయంగా ఒక గొంతు లేచింది.

“అయ్యగారూ, కాస్త పక్కకు జరుగుతారా? తమరి బూటు మా మెషిన్‌గన్‌కు అడ్డంగా ఉంది.”

కల్నల్ నిప్పు తొక్కినవాడిలా లేచాడు. దిబ్బ అంచున గడ్డి కుచ్చు జరిగి, రెండు కళ్లు, ఒక నల్లటి గొట్టం కనబడ్డాయి. కెప్టెన్ ఈల వేశాడు. అంతే, వాలు పొడవునా గడ్డి లేచి నిలబడింది. ఎడమన పది, కుడిన పదిహేను, వెనక ఇంకా ఎందరో. నూట పది మంది మట్టికొట్టుకున్న ముఖాలతో, ఎర్రటి కళ్లతో, చెవిదాకా సాగిన నవ్వులతో.

“వాగు దగ్గర బయల్దేరినప్పటి నుంచీ మీరు ఇరవై ఏడు తుపాకుల గురిలో ఉన్నారు సర్,” అన్నాడు కెప్టెన్. “ఒక్క అంగ కూడా తప్పించుకోలేదు. పైనుంచి కనబడని పొట్ట కింది భాగమంతా ఇక్కడి నుంచి అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది.”

కల్నల్ ఒంటి రాయి దగ్గరికి వెనక్కి నడిచి, వంగి దాని గుట్ట వైపు ముఖం చూశాడు. తెల్లటి సున్నం. వేలితో రాసి చూసుకున్నాడు. తిరిగొచ్చి మ్యాపు పరిచాడు.

“ఇందులో పొట్ట ఎక్కడుంది?”

“ఎత్తులు చూపే ఈ గీతలు చూడండి సర్. పైన ఎడంగా ఉన్నాయి, కిందికొచ్చేసరికి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అంటే పైన చదును, కింద ఒక్కసారిగా పల్లం. నేను రాసింది అదే.”

“నువ్వు రాసింది నేను సగం చదివి మడిచేశాను,” అన్నాడు కల్నల్ నిజాయితీగా. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమయిందో కెప్టెన్‌కు తెలుసు. పెళ్లయిన ఏడేళ్లలో ఆ నోట అలాంటి మాట అతను విననేలేదు.

సరిగ్గా అప్పుడే వాగు అవతల అడవి అంచున ఎక్కడో తలుపు దభీమని మూసినట్టు చప్పుడయింది.

“లోపలికి!” అని అరిచాడు బావుల బాబాయ్.

అల్లుడు మామగారి భుజం పట్టి కందకంలోకి లాగాడు. వాలు దిగి వస్తున్న మేజరు పరుపుచుట్టతో సహా దొర్లుకుంటూ వచ్చి పడ్డాడు. తల మీదుగా చీల్చుకుంటూ పోయిన గుండు శిఖరం మీద పేలింది. వెంటనే రెండోది, మూడోది. శత్రువు వచ్చేశాడు, అనుకున్నదానికంటే ఒక రోజు ముందే.

ఇరవై నిమిషాలు గుట్ట తల మీద నిప్పులవాన కురిసింది. గుండ్లన్నీ గీత గీసి పెట్టినట్టు శిఖరం మీదే, ఆ జానెడు గోతుల మీదే పడ్డాయి. కర్రలకు తగిలించిన ఇనుప టోపీలు ఒక్కొక్కటే గాలిలోకి ఎగిరి, వాలు మీదుగా గిన్నెల్లా మోగుతూ దొర్లాయి. కందకాల పైకప్పుల మీద మట్టి జలజల రాలింది. దుంగ ఒక్కటి కదల్లేదు.

కల్నల్ గోడకు ఆనుకుని కూర్చుని లెక్కపెడుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి గాని గొంతు వినిపించడం లేదు. ఆఖరి గుండు మోత ఆగాక పైకే అన్నాడు.

“నలభై మూడు. నలభై మూడూ నా గీత మీదే.”

కందకం మెలికల వెంట పిలుపులు మొదలయ్యాయి. ఒకటో సెక్షన్, అందరం క్షేమం. రెండో సెక్షన్, అందరం క్షేమం. ఒక్కో పిలుపుకూ కెప్టెన్ గుండెల మీంచి ఒక్కో రాయి దిగింది. ఆఖరి సెక్షన్ నుంచి మాత్రం, “ఒకడికి తుమ్ములు ఆగడం లేదు, తక్కినవాళ్లం క్షేమం,” అని వచ్చింది. నవ్వు ఒక కొసన పుట్టి మెలిక మెలికకూ పాకి రెండో కొస దాకా పోయింది. ఎవరో పారతో దుంగ మీద దరువు వేశారు. నూట పది మందీ అందుకున్నారు. నాలుగు రోజులు వాళ్ల చేతుల తోలు తీసిన పారలే ఇప్పుడు విజయభేరీల్లా మోగాయి. బావుల బాబాయ్ గోడ మట్టిని అరచేత్తో నిమిరి, “బంగారు తల్లీ, మాట నిలబెట్టావు,” అన్నాడు.

కల్నల్ లేచి జేబులోని కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. తర్వాత మేజరు వైపు తిరిగాడు.

“నీ దళం ఏ గుట్ట మీద ఉంది?”

“దక్షిణాన సర్. అక్కడా మీ ఎర్ర గీత మీదే.” మేజరు ముఖం పాలిపోయింది. “ఆ గుట్టకూ పొట్ట ఉంది.”

“అయితే ఇంకా ఇక్కడ నిలబడ్డావేం? జీపు తీసుకుని పరిగెత్తు! వాళ్లను కిందికి దింపు. వైర్‌లెస్ దగ్గరికి వెళ్లి నా పేరు మీద అన్ని గుట్టలకూ కబురు పెట్టించు. శిఖరాలు ఖాళీ చెయ్యాలి. వాలులోకి దిగి తవ్వాలి. ఎలా తవ్వాలో గొలుసు కెప్టెన్ చెబుతాడు.”

ఆ పేరు ఆయన నోట ఇదివరకు ఎప్పుడూ ఎకసెక్కంగానే పలికింది. ఇవాళ బిరుదులా పలికింది. మేజరు పరుపుచుట్ట అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

“మీరూ వెళ్లండి సర్,” అన్నాడు కెప్టెన్.

“జీపు పోయిందిగా,” అన్నాడు కల్నల్, తుపాకీ ఒకటి అందుకుని. “అయినా మీ అత్తగారితో ఏం చెప్పమంటావు? అల్లుణ్ణి ముందు పెట్టి నేను వెనక్కి వచ్చానని చెప్పనా? ఇంట్లో అడుగు పెట్టనిస్తుందా నన్ను?” ఒక క్షణం ఆగి, గొంతు తగ్గించాడు. “మా అమ్మాయి సరైనవాణ్ణే తెచ్చుకుంది బాబూ. ఆ మాట దానితో నేనే చెప్పుకుంటాను, నువ్వు చెప్పకు. దానికి నేను అలుసైపోతాను.”

కెప్టెన్ నవ్వబోయాడు.

“సార్,” అన్నాడు బావుల బాబాయ్, చూసే సందుకు కన్ను ఆనించి. “వాగు అవతల మనుషులు.”

అందరూ నోళ్లు మూసుకున్నారు. పారలు ఆగిపోయాయి. చెట్లలోంచి ఆరుగురు బయటికి వచ్చారు. ఐదుగురు సైనికులు, అందులో ఒకడు అధికారి. పొగ లేస్తున్న శిఖరం వైపు చూసి వాళ్లలో ఒకడు చెయ్యి ఊపి నవ్వాడు. ఇంక అక్కడ బతికినవాడు లేడన్న ధీమా అది. ఆరో మనిషి సైనికుడు కాడు. నెరిసిన జుట్టు, మాసిన మామూలు బట్టలు, చేతిలో పొడుగాటి కర్ర. ఆయన శిఖరం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. వాగు ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని, మెల్లగా వంగి, నేలకు చెంప ఆనించి వాలును చూడసాగాడు.

కెప్టెన్ బైనాక్యులర్ అందుకుని ఆయన మీద నిలిపాడు.

నేలకు చెంప ఆనించి వాలు చూసే మనిషిని అతను జీవితంలో ఒక్కరినే చూశాడు. సర్వే స్కూల్లో మొదటి రోజు అతని చేతికి గొలుసు ఇచ్చిన మాస్టారు. చదువుకునే రోజుల్లో మూడేళ్లు తన ఇంట్లోనే ఉంచుకుని, తన పక్కనే కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. సరిహద్దు మూసేసినప్పుడు అవతలే ఉండిపోయిన ఆయన బతికున్నాడో లేదో కూడా తెలియదు.

“ఎవరు సార్ ఆ ముసలాయన?” బావుల బాబాయ్ గుసగుసగా అడిగాడు.

“నాకు నేలను చదవడం నేర్పినాయన.”

“వాళ్లతో ఇష్టపడి వచ్చాడంటారా, పట్టుకొచ్చారంటారా?”

ఇంత దూరం నుంచి ఎలా తెలుస్తుంది? ఆయన చేతులకు కట్లు లేవు. వెనకనున్న సైనికుడి తుపాకీ మాత్రం ఆయన వీపుకు మరీ దగ్గరగా ఉంది.

ముసలాయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. కర్ర ఎత్తి గుట్ట మొదటి నుంచి నెమ్మదిగా పైకి జరుపుతూ వచ్చాడు. జంట రాళ్లు దాటింది కర్ర కొస. ఒంటి రాయి దాటింది. సరిగ్గా కెప్టెన్ కళ్ల మధ్యకు వచ్చినట్టు వచ్చి ఆగిపోయింది.

మెషిన్‌గన్ దగ్గరి మనిషి వేలు బిగించాడు. “సార్, గురిలో ఉన్నాడు. చెప్పండి.”

కెప్టెన్ మామగారి వైపు చూశాడు. కల్నల్ తల అడ్డంగా ఊపాడు.

“నా వైపు చూడకు. ఈ గుట్ట నీది. మాట నీదే.”

కింద, శత్రు అధికారి ముసలాయన దగ్గరగా వచ్చి, కర్ర చూపుతున్న చోటు కేసి చూస్తూ ఏదో అడిగాడు.

మాస్టారు నోరు తెరిచాడు.